ఓట్సో నిలబడ్డ చోటు

మెర్యా హొంకావారా మా కొట్కా రేవుపట్నంలో ఒక బడికి వంటమనిషి. వారమంతా తెల్లటోపీ పెట్టుకుని పెద్ద పెద్ద గిన్నెల ముందు నిలబడుతుంది. గురువారం బఠాణీ సూపు, శుక్రవారం చేప. పిల్లలకు ఆవిడంటే భయం లేదు, అలాగని ఆవిడ ఎదుట కంచంలో వదిలేసే ధైర్యమూ లేదు. శనివారం మధ్యాహ్నం మాత్రం ఆ మనిషే తనుండే అపార్ట్‌మెంటు సెల్లారులో, క్లబ్బుగదిలో కూర్చుని రాజ్యాలు నిలబెడుతుంది, మనసు పుడితే కూలదోస్తుంది.

వయసులో ఉన్నప్పుడు అంటుకున్న అలవాటు. బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. మెర్యా ఒక లోకాన్ని చెబుతుంది: ఇదిగో అడవి, ఇదిగో వాగు, అవతలి ఒడ్డున ఏదో కదులుతోంది. మిగతావాళ్ళకు ఆ లోకంలో తలా ఒక మనిషి. తమ మనిషి ఏం చేస్తాడో వాళ్ళు చెబుతారు. అయిందా కాలేదా అన్నది పాచిక తేలుస్తుంది. తల నెరిసినవాళ్ళకు ఇదేం పిచ్చి అని మెట్ల దగ్గర గొణిగేవాళ్ళున్నారు. గొణగనివ్వండి. వాళ్ళు అదే శనివారం టీవీలో మంచు మీద జారే ఆట చూస్తూ కుర్చీలు విరగ్గొడతారు, దాన్నెవరూ పిచ్చి అనరు.

ఆటగాళ్ళు ముగ్గురు. మందుల షాపు నడిపే ఇల్పో మహా మాటకారి. ఆటలో అతని మనిషి మెల్కియోర్ అనే మంత్రగాడు. ఆసుపత్రి నర్సు టుయిరె మనిషి నోకి అనే దొంగ. బయట పరాయివాళ్ళ పెన్ను కూడా ముట్టుకోని మనిషి, ఇక్కడ రాజుల పెట్టెలు ఖాళీ చేస్తుంది. మూడోవాడు రేయో. రేవులో ఓడలకు తాళ్ళు కట్టే పని అతనిది. అతని మనిషి ఓట్సో అనే కత్తివాడు. ఓట్సోకు ఒక్క మంత్రం రాదు. ఉన్నదల్లా ఒక డాలు, ఒక కత్తి, వెనక్కి తగ్గని రెండు కాళ్ళు.

రేయో భార్య పోయాక అతని నోట మాట రావడమే గగనమైంది. కొట్టులో సంచి వద్దని చెప్పడం, రేవులో తాడు వదలమని అరవడం, అంతే. మా కొట్కా మగాళ్ళు మామూలుగానే మాటకు పొదుపు, ఇతను మరీ మూట కట్టి అటకెక్కించాడు. శనివారం మాత్రం ఆ మూట విప్పేవాడు. క్లబ్బుగది తాళంచెవి అతని దగ్గరే. అందరికంటే ముందొచ్చి, తలుపు తీసి, నాలుగు కుర్చీలు వేసి, కాఫీ పెట్టేవాడు. ఆ బల్ల లేకపోతే రేయో ఏమైపోతాడోనని మెర్యాకు లోలోపల దిగులు. ఆ దిగులే ఆవిడ చేత చేయకూడని పని చేయించింది.

అసలు చిక్కు ఒక్కనాడు వచ్చింది కాదు. తొలి రోజుల్లో మెల్కియోర్ ఉత్త అర్భకుడు. రోజుకొక్క మంత్రం, గట్టిగా తుమ్మితే పోయే ప్రాణం. వాగు దాటాలంటే ఓట్సో వాణ్ణి భుజానికెత్తుకునేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇద్దరూ పెరిగారు. ఓట్సో ఇంకాస్త గట్టిగా కొట్టడం నేర్చాడు. మెల్కియోరేమో ఎగరడం నేర్చాడు, గోడలు కరిగించడం నేర్చాడు, ఒక్క చిటికెతో సైన్యాన్ని బూడిద చేయడం నేర్చాడు. యుద్ధం మొదలయ్యేది, ఇల్పో నాలుగు మాటలు చెప్పేవాడు, యుద్ధం అయిపోయేది. రేయో వంతు వచ్చేసరికి కొట్టడానికి ఎదురుగా ఎవరూ మిగిలేవారు కాదు.

"నీ వంతు, రేయో. ఓట్సో ఏం చేస్తాడు?" అని మెర్యా అడిగేది.

"కత్తి తుడుచుకుంటాడు," అనేవాడు రేయో.

మొదటిసారి అందరూ నవ్వారు. పదోసారికి ఎవరూ నవ్వలేదు.

మెర్యా ఊరుకునే రకం కాదు. ముందుగా ఓట్సోకి మంత్రాల కత్తి ఇచ్చింది. దూస్తే మంటలు, విసిరితే మెరుపులు. రేయో రెండు వారాలు ఆడి, "కత్తే యుద్ధం చేస్తోంది. నేను మోస్తున్నానంతే," అని దాన్ని వాగులో పారేశాడు. ఆ తర్వాత మంత్రాలు పనిచేయని గుహలు పెట్టింది. ఈసారి ఇల్పో ముఖం మాడ్చుకున్నాడు. "నన్ను మూల కూర్చోబెట్టి వాణ్ణి ఆడిస్తానంటే అదేం న్యాయం, తల్లీ? రేపు వాడి చేతులు కట్టేసి నన్ను ఆడిస్తావా?" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. ఒకణ్ణి నిలబెట్టడానికి ఇంకొకణ్ణి పడగొట్టడం వంటింట్లో కూడా పనికిరాదని మెర్యాకు తెలుసు. కూర చప్పబడితే పక్క గిన్నెలో ఉప్పు తీసేస్తామా?

ఇక మిగిలింది దొంగదారి. ఆట నడిపేవాళ్ళ ముందు ఒక అట్ట అడ్డం నిలబెట్టి ఉంటుంది. దాని వెనక వాళ్ళు వేసే పాచిక ఆటగాళ్ళకు కనిపించదు. మెర్యా ఆ అట్ట వెనక దయ చూపించడం మొదలుపెట్టింది. ఓట్సోకి తగలాల్సిన దెబ్బ తగల్లేదని చెప్పేది. ఓట్సో కొట్టిన రాక్షసి ఇంకా బతికే ఉన్నా, చచ్చిందని చెప్పేది. ఓట్సో గెలవసాగాడు. పాపం, రేయో ముఖంలో కాస్త వెలుగు కూడా వచ్చింది.

నవంబరులో ఒక శనివారం, కోట కింది గనిలో రాక్షసితో పోరు. రేయో కాఫీ పోద్దామని కెటిల్ పట్టుకుని మెర్యా వెనకగా వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ రాక్షసి తరఫున పాచిక వేసింది. ఇరవై ముఖాల పాచిక. పడింది ఇరవై. అంతకు మించిన దెబ్బ ఆటలో లేదు.

"తప్పిపోయింది," అంది మెర్యా. "డాలు అంచుకు తగిలి జారింది."

రేయో ఆవిడ కప్పులో కాఫీ పోశాడు. చుక్క ఒలకలేదు. వెళ్ళి తన కుర్చీలో కూర్చుని చివరిదాకా ఆడాడు. అందరూ లేచి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నప్పుడు జేబులోంచి తాళంచెవి తీసి మెర్యా ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇది నీ దగ్గర ఉంచు."

"ఎందుకు?"

"ఇరవై పడింది, మెర్యా."

"రేయో, నేను..."

"ఎన్నాళ్ళ నుంచి?"

మెర్యా చూపు తన ముందున్న అట్ట మీదికి పోయింది. అదే జవాబని అతనికి అర్థమైంది.

"వచ్చే శనివారం వస్తాలే. మొదలుపెట్టిన కోట కథ సగంలో ఉంది కదా. ఆ తర్వాత చూద్దాం," అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. మా వాళ్ళు చూద్దాం అన్నారంటే ఇక చూడరనే.

ఆ వారం మెర్యా ఒళ్ళు తెలియకుండా తిరిగింది. బఠాణీ సూపు అడుగంటించింది. జన్మలో మొదటిసారి. పిల్లలు కిక్కురుమనకుండా తినేశారు, అది ఇంకా బాధ. సాయంత్రం టుయిరె ఇంటికి వెళ్ళి, ఏలకుల రొట్టె ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. జరిగిందంతా చెప్పింది.

"నువ్వు జాలిపడ్డావు. వాడికి ముళ్ళు గుచ్చుకున్నట్టుంటుంది," అంది టుయిరె. "ఇన్నాళ్ళూ వాడు నిజంగా గెలిచాననుకున్నాడు కదే."

"మరేం చెయ్యమంటావు? వాడికి ఆటలో పనే లేకుండా పోయింది."

"అదే నాకూ అర్థం కాదు. మొదట్లో ఇలా ఉండేది కాదు. మొదట్లో వాడే కదా మనందరికీ దిక్కు. ప్రతి శనివారం సౌనాకి ఆలస్యమయ్యేది, గుర్తుందా? మెల్కియోర్ కళ్ళు మూసుకుని మంత్రం చదువుతూ ఉంటాడు, వాడి ముందు ఓట్సో నిలబడి అందర్నీ ఆపుతూ ఉంటాడు. అది తెమిలేది కాదు, మన వంతు కాస్తా దాటిపోయేది. పై అంతస్తు ముసలాయన తువ్వాలు భుజానేసుకుని వచ్చి తలుపు బాదేవాడు."

మెర్యా చేతిలో కప్పు మధ్యలోనే ఆగింది.

కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లి ఆవిరి పట్టే గది, సౌనా, ఆ అపార్ట్‌మెంటులో అందరికీ ఒకటే, క్లబ్బుగది పక్కనే. వీళ్ళ వంతు శనివారం ఆరు గంటలకు. సౌనా వంతు పోగొట్టుకోవడం అంటే మా దగ్గర పెళ్ళిరోజు మరిచిపోవడం కంటే పెద్ద నేరం. మొదట్లో ఆటలో ఒక నియమం ఉండేది: మంత్రగాడు మంత్రం చదువుతుండగా ఎవరైనా తాకితే మంత్రం చెదిరిపోతుంది. పెద్ద మంత్రానికి పెద్ద సమయం. అందుకే వాడి ముందు ఒకడు నిలబడి తీరాలి. ఆ నియమం వల్ల పోరాటాలు సాగేవి. ఆరు దాటేది. ఒక చలికాలం అందరూ విసిగిపోయి, "తీసిపారెయ్, మెర్యా, సౌనా చల్లారిపోతోంది," అన్నారు. తీసేసింది. తీసెయ్యమన్నవాళ్ళలో రేయో గొంతు కూడా ఉంది. తన కాళ్ళ కింద నేల తీసెయ్యమంటున్నానని అతనికే తెలియలేదు. ఆట చకచకా సాగింది, సౌనా వేడిగా దొరికింది. ఓట్సో నిలబడే చోటు పోయింది.

ఓట్సోకు బలం తగ్గి కాదు. ఓట్సోతో అవసరం తీరిపోయి. మెర్యా ఆ రాత్రంతా తనను తాను తిట్టుకుంది.

శనివారం క్లబ్బుగది తలుపు ఆవిడే తీసింది. నాలుగు కుర్చీలూ తనే వేసింది. రేయో అందరికంటే ఆఖర్న వచ్చి, కోటు విప్పకుండానే కూర్చున్నాడు. తాళంచెవి బల్ల మధ్యలో పడి ఉంది. దాని వంక చూడకుండా ఉండటానికి నలుగురూ తంటాలు పడ్డారు.

మెర్యా తన ముందున్న అట్టను మడిచి గోడ పక్కన పెట్టింది. ఇరవై ముఖాల పాచికను బల్ల నడుమ ఉంచింది.

"ఇవాళ్టి నుంచి నా పాచిక అందరి ఎదుట పడుతుంది. పడిందే లెక్క. ఇంకొకటి, పాత నియమం మళ్ళీ పెడుతున్నాను. మంత్రం చదివేవాణ్ణి ముట్టుకుంటే మంత్రం పోతుంది."

ఇల్పో నెత్తి మీద పిడుగు పడ్డట్టు చూశాడు. "ఇన్నేళ్ళ తర్వాతా? నా మెల్కియోర్‌ని కుంటివాణ్ణి చేస్తావా?"

"నీ మంత్రం ఒక్కటి కూడా తియ్యను. ఇదివరకటికంటే పెద్దది చదువుకో. దానికి పట్టే సమయం పడుతుంది, అంతే."

"ఆ సమయంలో నన్ను పొడిచేస్తే?"

"ఎవరో ఒకరు నీ ముందు నిలబడాలి."

ఇల్పో తలతిప్పి రేయో వైపు చూశాడు. వాడు వాగుడుకాయే కానీ మట్టిబుర్ర కాదు.

రేయో మాత్రం మెత్తబడలేదు. "ఇదీ జాలేనా?" అన్నాడు నెమ్మదిగా.

"జాలి చూపించే అట్ట అదిగో, గోడ పక్కనుంది," అంది మెర్యా. "ఓట్సో ఇవాళ చావాల్సి వస్తే చస్తాడు. నేను ఆపలేను. ఆపను."

ఓట్సో వయసు ఆ బల్ల వయసంత. నిజంగానే చస్తే రేయో లేచి వెళ్ళిపోతాడు, ఇక రాడు. చావకుండా అడ్డుపడితే అప్పుడూ వెళ్ళిపోతాడు. రెండింటి మధ్య ఒక పాచిక. దాని మీద తన చేయి సాగదు.

కోట కథ ఆగిన చోటి నుంచి మొదలైంది. లోయ అవతల నుంచి చచ్చినవాళ్ళ సైన్యం వస్తోంది. కోటలోకి దారి ఒక్కటే, ఇద్దరు పక్కపక్కన పట్టని రాతి వంతెన. దాన్ని కూల్చేసే మంత్రం మెల్కియోర్‌కి వచ్చు. కానీ చాలా పెద్దది. నాలుగు వంతుల సేపు కళ్ళు మూసుకుని చదవాలి.

"మెల్కియోర్ ద్వారంలో నిలబడి చదవడం మొదలుపెట్టాడు," అన్నాడు ఇల్పో. గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

"ఓట్సో?" అడిగింది మెర్యా.

రేయో కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "వంతెన మీదికెళ్తాడు. నడిమధ్యకి."

మొదటి వంతు. ఓట్సో కత్తికి ఇద్దరు లోయలో పడ్డారు. మెర్యా పాచిక దొర్లింది. తగిలింది. దెబ్బ చిన్నదే. రెండో వంతు. నోకి వెనక నుంచి నూనె కుండ విసిరింది, ముందు వరస జారింది, వెనక వరస వాళ్ళ మీదుగా తొక్కుకుంటూ వచ్చింది. మెర్యా మూడుసార్లు వేసింది, రెండుసార్లు తగిలింది. రేయో తన కాగితం మీద ఓట్సో ప్రాణం ఎంతుందో చెప్పే అంకెను పెన్సిల్‌తో కొట్టేసి కొత్త అంకె వేశాడు. సగానికి పడిపోయింది.

పక్కగదిలో సౌనా పొయ్యి వేడెక్కుతున్న చిటపటలు గోడలోంచి వినిపిస్తున్నాయి. ఎవరూ గడియారం వంక చూడలేదు.

మూడో వంతులో చచ్చిన రాజు స్వయంగా వంతెనెక్కాడు. ఈ రాజును మెర్యా ఈ రోజుకని పోయిన నెలలోనే రాసి పెట్టుకుంది, ఇప్పుడు వెనక్కి పంపలేదు. పాచిక పడింది. పద్దెనిమిది.

"తగిలింది," అంది.

ఓట్సో డాలు రెండు ముక్కలైంది. రేయో ఇంకో అంకె వేశాడు. అందరికీ కనిపించేలా వేశాడు. ఇంకొక్క మంచి దెబ్బ చాలు.

ఇల్పో ఆగలేకపోయాడు. "ఒరే, నేను చదవడం ఆపేస్తాను. నిన్ను పట్టుకుని ఎగిరిపోతా. కోట పోతే పోయింది."

"వద్దు."

"చస్తావురా."

"కోటలో జనం ఉన్నారు. నోరు మూసుకుని చదువు," అన్నాడు రేయో.

ఇల్పో బిక్కచచ్చిపోయాడు. మూడేళ్ళుగా ఆ బల్ల దగ్గర రేయో ఎవరికీ ఏ పనీ చెప్పలేదు. "చదువుతున్నాను," అన్నాడు ఇల్పో, బడిలో పిల్లాడిలా.

నాలుగో వంతు. రేయో కొట్టాడు, రాజు తూలాడు కానీ పడలేదు. ఇక మెర్యా వంతు. పాచికను గుప్పిట్లో పట్టుకుని కూర్చుండిపోయింది. పద్నాలుగు లోపు పడితే ఓట్సో బతుకుతాడు. అట్ట ఉండి ఉంటే ఆ అంకె తనే వేసేది. చిన్నప్పుడు అమ్మకు జ్వరం వచ్చినప్పుడు మొక్కుకున్నట్టు మనసులో మొక్కుకుంది, ఎవరికో తెలియదు.

"వెయ్యి, మెర్యా," అన్నాడు రేయో.

వేసింది. పాచిక బల్ల మీద దొర్లి, తాళంచెవికి తగిలి, ఆగింది. ఇరవై.

మెర్యాకు కళ్ళు మసకబారాయి. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు అంత తేలిగ్గా పోతుందా? పళ్ళ బిగువున ఆపుకుంది.

"తగిలింది. ఓట్సో మోకాళ్ళ మీద పడ్డాడు. కత్తి రాళ్ళ మధ్య దిగేసి, దాన్ని పట్టుకుని అలాగే... దారికి అడ్డంగా పోయాడు. రాజు అతన్ని దాటుకుని రావాలి. దాటేలోపు..." ఇల్పో వైపు తిరిగింది.

"మంత్రం పూర్తయింది," అన్నాడు ఇల్పో గుసగుసగా. "వంతెన కూలింది."

రాజూ సైన్యమూ లోయలోకి పోయారు. వాళ్ళతోపాటు ఓట్సో కూడా. కోట మిగిలింది.

టుయిరె రుమాలు తీసి ముక్కు తుడుచుకుంది, జలుబన్నట్టు. రేయో చేయి చాచి పాచికను తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇరవై," అన్నాడు.

"ఇరవై," అంది మెర్యా. కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. "నిజంగానే పోయాడు, రేయో."

"తెలుసు. చూశాను కదా." పాచికను తిరిగి ఆవిడ ముందు పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి, పెదవి చివర ఒక్కసారి అదిరింది. ఆ ముఖం మీద మెర్యా అలాంటిది చూసి చాలా కాలమైంది. "బాగా పోయాడు."

అప్పుడు తలుపు మీద దబదబా చప్పుడైంది. పై అంతస్తులో ఇప్పుడుంటున్న కుర్రాడు తువ్వాలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏడు గంటలయిందట, ఇక తన వంతట, లోపల ఎవరూ లేరేమిటట. నలుగురూ ముఖముఖాలు చూసుకున్నారు. పొయ్యి వేడెక్కి, వాళ్ళ వంతు మొత్తం ఖాళీగా గడిచిపోయింది. ఒక్కరికీ గుర్తు రాలేదు.

"వెళ్ళు నాయనా, వెళ్ళు. రాళ్ళు బాగా కాగి ఉంటాయి," అంది టుయిరె.

ఇల్పో రేయో కప్పులో కాఫీ పోశాడు. ఎన్నడూ పోసినవాడు కాదు, సాసరంతా ఒలికింది. "కొత్తవాణ్ణి చేసుకుంటావు కదరా? ఈసారి మంత్రగాణ్ణి తీసుకో. నేను నేర్పుతాను."

"కత్తివాడే," అన్నాడు రేయో. కెటిల్‌లోనే చల్లారిన ఆ కాఫీ ఒక గుక్క తాగి, లేచి కోటు తొడుక్కున్నాడు. బల్ల మీది తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"మెర్యా, అపార్ట్‌మెంటు కమిటీ వాళ్ళకు చెప్పు," అన్నాడు గుమ్మం దగ్గర బూటు తాడు ముడేస్తూ. "మన సౌనా వంతు ఎనిమిదికి మార్చమని."